పోస్టమ్మ విడిగా పెట్టిన నాలుగు వరుసలు

ఆడపడుచు మరదలిని మెచ్చుకోవడం మీరెక్కడైనా విన్నారా? నేనూ వినలేదు. అయినా చెబుతున్నాను, చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. మా తమ్ముడి భార్యకు మా ఆసుపత్రిలో జరిగిన అన్యాయాన్ని కళ్ళారా చూసినదాన్ని నేను. అక్కడి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చూసుకునేది నేనైతే, అక్కడి కంప్యూటర్లలో మెయిళ్ళు సరిగ్గా వచ్చి పోయేలా చూసుకునేది ఆమె. అందుకే ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ ఆమెను పోస్టమ్మ అంటారు.

పోస్టమ్మ అనగానే నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. ఆమెకు చదువుంది, చదువుకు తగ్గ నోరుంది, నోటికి తగ్గ మొండితనమూ ఉంది. కూరగాయల బండి దగ్గర ఆమె బేరం మొదలుపెడితే పక్క బండివాడు కూడా చెవులు మూసుకుంటాడు. మా తమ్ముడు ఆమెకు పూర్తి విరుద్ధం. ఎవరేమన్నా “పోనీలే” అంటాడు. నిప్పంటుకున్నా “పోనీలే, చలికాలమేగా” అనే రకం.

పెళ్ళయిన కొత్తలో ఆమె నాకు నచ్చలేదు. కారణం ఒక డబ్బా. మా అమ్మకు వంటింటి అరలు సర్దే పిచ్చి ఉంది. వారం తిరిగేసరికి టీపొడి ఉన్నచోట సబ్బుబిళ్ళలు ఉంటాయి, గరిటెలు ఉన్నచోట మందుసీసాలు ఉంటాయి. మా నాన్న తలనొప్పి మాత్ర కోసం వంటిల్లంతా వెతికి, వెతకడం వల్ల వచ్చిన తలనొప్పికి ఇంకో మాత్ర వేసుకునేవాడు. కొత్త కోడలు గొడవ పెట్టుకోలేదు. ఒక మూతడబ్బా కొనుక్కొచ్చి, తనకు రోజూ కావలసినవన్నీ అందులో పెట్టి, పై అరలో ఒక మూల ఉంచింది.

“అత్తయ్యా, అరలన్నీ మీ ఇష్టమొచ్చినట్టు సర్దుకోండి. ఈ డబ్బా ఒక్కటి మాత్రం కదపొద్దు” అంది.

“వచ్చి నెల కాలేదు, అప్పుడే డబ్బాతో వేరు కాపురం పెట్టావే అమ్మాయ్!” అని నేను ఎత్తిపొడిచాను.

“కాపురం కలిసి ఉండాలనే డబ్బా వేరు పెట్టాను వదినా” అంది నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ తర్వాత వాళ్ళ వంటింట్లో అత్తాకోడళ్ళ మధ్య ఒక్క గొడవ జరిగితే ఒట్టు.

ఆసుపత్రిలోనూ ఆమె పద్ధతి ఇదే. మెయిల్ సర్వర్ అంటే నాబోటివాళ్ళకు చల్లటి గదిలో గుర్రుమనే ఒక పెట్టె. ఎవరి మెయిల్ లోపలికి రానివ్వాలి, ఎవరిది గుమ్మంలోంచే తిప్పి పంపాలి అనే నియమాలన్నీ అందులో ఒక ఫైలులో ఉంటాయి. ఆ ఫైలులో నేరుగా ఏదైనా రాస్తే వెంటనే పనిచేస్తుంది. తిరకాసు ఎక్కడంటే, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు అప్పుడప్పుడు అప్‌డేట్ పంపుతారు. అది వచ్చిన ప్రతిసారీ ఆ ఫైలును చెరిపేసి తన పద్ధతిలో మళ్ళీ కొత్తగా రాసేస్తుంది. మనం రాసుకున్నవి తుడిచిపెట్టుకుపోతాయి. మన మార్పులు నిలవాలంటే వాటిని పక్కనే ఉన్న వేరే ఫోల్డర్‌లో పెట్టాలి. అప్‌డేట్ ఆ ఫోల్డర్ జోలికి వెళ్ళదు. పైగా ఫైలును కొత్తగా రాసేటప్పుడు ఆ ఫోల్డర్‌లో ఏముందో చూసి కలుపుకుంటుంది.

నాకు ఇదంతా అర్థం కాక బుర్ర గోక్కుంటే ఆమె ఇలా చెప్పింది. “అద్దె ఇంటి గోడమీద రాసుకున్నామనుకోండి వదినా, ఇంటాయన సున్నం వేయించినప్పుడల్లా పోతుంది కదా. అదే పలక మీద రాసి తగిలించామనుకోండి, సున్నం వేసేవాడు పలక తీసి పక్కన పెట్టి, పనయ్యాక మళ్ళీ తగిలించి పోతాడు.” ఇంత తేలికైన సంగతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. అర్థం కాని పెద్దమనుషుల గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ ఫోల్డర్‌లో ఆమె మా ల్యాబ్ కోసం నాలుగు వరుసలు రాసి పెట్టింది. మా పరీక్షల యంత్రం పాతది, దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఎవరి రక్తంలోనైనా పొటాషియం ప్రమాదకరంగా పెరిగితే ఆ యంత్రం తనంతట తానే డయాలిసిస్ వార్డుకు మెయిల్ పంపుతుంది. అక్కడ నర్సు కంప్యూటర్‌లో గంట మోగుతుంది, ఆమె రోగికి ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మంటుంది. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి పొటాషియం పెరిగితే చాలాసార్లు నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. ఉన్నట్టుండి గుండె ఆగుతుంది. ఇంత ముఖ్యమైన మెయిల్ పంపే మా యంత్రం, పంపేటప్పుడు తన పూర్తి పేరు చెప్పదు, పొట్టి పేరు చెబుతుంది. పూర్తి పేరు చెప్పనివాళ్ళను దొంగల కింద లెక్కకట్టడం సర్వర్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. “ఇది మన ల్యాబ్ యంత్రం, దీన్ని రానివ్వు” అని సర్వర్‌కు చెప్పేవే ఆ నాలుగు వరుసలు.

ఆ గంట ఎక్కువగా మోగింది జిప్పుల బాబాయ్ కోసం. ఆసుపత్రి గేటుకు ఎదురుగా పెద్ద గొడుగు కింద కూర్చుని బ్యాగులకు జిప్పులు మారుస్తాడు. రోజు విడిచి రోజు డయాలిసిస్ చేయించుకుంటాడు. నర్సు ఫోన్ చేస్తే చేతిలో ఉన్న బ్యాగును పిన్నికి, అదే, వాళ్ళావిడకు అప్పజెప్పి రోడ్డు దాటి వచ్చేస్తాడు. “మీ యంత్రానికి నేనంటే తగని ప్రేమమ్మా. కాస్త కనబడకపోతే చాలు, కబురు పెడుతుంది” అని నాతో నవ్వేవాడు. నా బ్యాగు జిప్పు ఎన్నిసార్లు బాగుచేశాడో, ఒక్కసారి కూడా దాన్ని తిట్టకుండా ఇవ్వలేదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. అప్‌డేట్లు వచ్చేవి, పోయేవి, ఆ నాలుగు వరుసలు మాత్రం చెక్కుచెదరలేదు. అంతలో కంప్యూటర్ల విభాగానికి కొత్త మేనేజర్ వచ్చాడు. మనిషి చెడ్డవాడని నేననను. రోగుల బంధువులకు వరండాలో కుర్చీలు వేయించింది అతనే. కాకపోతే అతనికి ఒక జబ్బుంది, దానికి మా ల్యాబ్‌లో పరీక్ష లేదు. లోకంలో అన్నీ ఒకేచోట ఉండాలి. మందుల గది రెండుచోట్ల ఉండకూడదు, తాళాలు రెండుచోట్ల ఉండకూడదు. మెయిల్ ఉండగా ఫోన్ దేనికని మా ల్యాబ్‌లో టెలిఫోన్ కూడా పీకించేశాడు. సెల్‌ఫోన్లు ఎలాగూ ల్యాబ్‌లోకి తేకూడదు. మేమందరం అతనికి ఒకేచోట సారు అని పేరు పెట్టుకున్నాం.

ఆయన కళ్ళు ఒకనాడు పోస్టమ్మ ఫోల్డర్ మీద పడ్డాయి. ఆ రోజు నేను ప్రింటర్ కాగితాల బిల్లు మీద సంతకం కోసం అక్కడే నిలబడి ఉన్నాను, కాబట్టి ఇది చెప్పుడు మాట కాదు.

“ఇవేంటమ్మా, అసలు ఫైలు ఉండగా పక్కన ఈ చిల్లర?”

“చిల్లర కాదు సార్. ల్యాబ్ యంత్రం కోసం పెట్టినవి. అప్‌డేట్ వచ్చినా పోకుండా ఉండాలనే విడిగా పెట్టాను.”

“రేపు నువ్వు లేనప్పుడు వీటికోసం ఎక్కడని వెతకాలి? అన్నీ ఒకేచోట ఉంటే ఎవరొచ్చినా చూసుకోవచ్చు కదా.”

“సార్, ఆ ఫైలు నెత్తిమీదే రాసుంది, ఓసారి చదవండి. ఇందులో మార్పులు చెయ్యొద్దు, చేస్తే పోతాయి అని.”

“అలాంటివి అన్నిటిమీదా రాస్తారమ్మా. మందుసీసా మీద ఉన్నవన్నీ చదివే మందు వేసుకుంటున్నామా?”

ఆసుపత్రిలో కూర్చుని అనాల్సిన మాటేనా అది? నేను బిల్లు మడిచి పట్టుకుని నోరు తెరిచాను. పోస్టమ్మ కంటితోనే నన్ను ఆపింది.

ఆయన ఆ నాలుగు వరుసలనూ స్వహస్తాలతో అసలు ఫైలులోకి మార్చాడు. ఫోల్డర్‌ను తీసేశాడు. మర్నాడు అంతా బాగానే పనిచేసింది. ఎందుకు చెయ్యదు? సున్నం వేసేదాకా గోడమీద రాత ఉంటుంది మరి. నెలవారీ మీటింగులో సూపరింటెండెంట్ గారు “చక్కగా సర్దారు” అని ఆయన్ని మెచ్చుకున్నారు. పోస్టమ్మ ఆ మీటింగులోనూ లేచి చెప్పింది. ఆ తర్వాత మేనేజర్ గదికి వెళ్ళి చెప్పింది. సూపరింటెండెంట్ గారి దగ్గరకూ వెళ్ళింది. “ఇంట్లో సర్దుకుపోవడం లేదా, ఇక్కడా అంతే అనుకోమ్మా” అన్నారాయన. మా అమ్మ అరల సంగతి ఆయనకేం తెలుసు! దాంతో ఆమె చెప్పడం మానేసింది.

ఒక మధ్యాహ్నం అప్‌డేట్ వచ్చింది. ఎవరికీ చెప్పి రాలేదు, అది ఎప్పుడూ అంతే. ఫైలును తుడిచి కొత్తగా రాసుకుంది. కలుపుకోవడానికి పక్కన ఫోల్డర్ లేదు. ఆ నిమిషం నుంచీ మా యంత్రం పంపిన ప్రతి మెయిల్‌నూ సర్వర్ గుమ్మంలోంచే గెంటేసింది. గెంటేసిన సంగతి అర్థమయ్యే తెలివి మా ముసలి యంత్రానికి లేదు. పంపేశానని పచ్చదీపం వెలిగించి కూర్చుంది. దీపం పచ్చగా ఉందని మేమూ నిశ్చింతగా ఉన్నాం.

ఆ వారంలోనే జిప్పుల బాబాయ్ పొద్దున్నే వచ్చి రక్తం ఇచ్చి, రోడ్డు దాటి వెళ్ళి పనిలో కూర్చున్నాడు. పొటాషియం ఎక్కువగా ఉంది. యంత్రం మెయిల్ పంపింది. గంట మోగలేదు. నర్సు ఫోన్ చెయ్యలేదు. ఫోన్ రాలేదంటే అంతా బాగుందనే అర్థం కదా ఆ మనిషికి! స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జిప్పు లాగుతూ లాగుతూ పక్కకు ఒరిగి, ఇనుప స్టూలు మీద పడ్డాడు. పిన్ని కేకలకు వాచ్‌మన్ పరుగెత్తుకెళ్ళి మోసుకొచ్చాడు. ఆగిన గుండెను డాక్టర్లు ఎలాగో మళ్ళీ కొట్టుకునేలా చేశారు. కుడి మణికట్టు విరిగింది. జిప్పులు లాగేది ఆ చేత్తోనే.

ఇక చూడండి మావాళ్ళ న్యాయం. మెయిల్ రాలేదా? మెయిల్ ఎవరిది? పోస్టమ్మది. ఇంకేముంది, మెమో పోస్టమ్మకే. విధి నిర్వహణలో నిర్లక్ష్యమట. ఫోల్డర్ తీసేసినవాడు నిర్లక్ష్యం చెయ్యలేదు. చక్కగా సర్దారన్నవాడు నిర్లక్ష్యం చెయ్యలేదు. వద్దు మొర్రో అని తిరిగిన మనిషిది నిర్లక్ష్యం!

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మా తమ్ముడు మెమో చదివి, అలవాటు ప్రకారం “పోనీలే, క్షమించమని రెండు ముక్కలు రాసి పడేయ్” అన్నాడు.

“నోర్మూసుకోరా! నీ పోనీలేలు నీ దగ్గరే పెట్టుకో” అన్నాను. చిన్నప్పటి నుంచీ వాడిమీద నాకు ఆ హక్కుంది.

పోస్టమ్మ తల ఎత్తలేదు. “నా కోపం వాళ్ళమీద కాదు వదినా” అంది. “ఇన్నిసార్లు చెప్పాను, వినలేదు, ఇంకెందుకులే అని నోరు మూసుకున్నాను. జన్మలో ఎప్పుడైనా నోరు మూసుకున్నానా నేను? అదొక్కసారే మూసుకున్నాను. బాబాయ్ చెయ్యి చూస్తే తిండి సహించట్లేదు నాకు.”

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చెప్పినమ్మాయి కుమిలిపోతోంది, విననివాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు.

మర్నాడు వచ్చిన హుకుం వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. విచారణ కమిటీ వేశారు. విచారణ ముగిసేదాకా సర్వర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఎందుకట? అది సాక్ష్యమట! పోలీసులు శవం చుట్టూ గీత గీసినట్టు సర్వర్ గది తలుపుకు టేపు అంటించి సీలు వేశారు. అంటే, బాబాయ్ ప్రాణం మీదికి తెచ్చిన తప్పును అలాగే భద్రంగా ఉంచారన్నమాట. “ముందు ఆ ఫోల్డర్ పెట్టనివ్వండి, ఉన్నది ఉన్నట్టు కాపీ తీసి మీకిస్తాను” అని పోస్టమ్మ మొత్తుకుంది. ఎవరూ చెవిన వేసుకోలేదు. అందాకా రిపోర్టులు కాగితం మీద పంపమన్నారు. యంత్రం నుంచి కాగితాలు ట్రేలో పడేవి. రక్తం తీసి యంత్రంలో పెట్టేవాళ్ళు వేరే ఉన్నా, ఆ కాగితాలు చూసేది నేనొక్కదాన్నే. ఒక్కొక్కటీ చూసి, ప్రమాదంగా ఉన్నదాన్ని అటెండర్ చేతికిచ్చి పైకి పరుగెత్తించేదాన్ని. నేను అటూ ఇటూ కదలాలన్నా భయంగా ఉండేది.

విచారణ రోజు మమ్మల్నందరినీ మూడో అంతస్తులో, డయాలిసిస్ వార్డు వరండాలోనే ఉన్న మీటింగు గదిలో కూర్చోబెట్టారు. పొడవాటి బల్లకు అటు కమిటీవాళ్ళు, నడుమ చైర్మన్ గారు. ఇటు సూపరింటెండెంట్ గారు, ఒకేచోట సారు, పోస్టమ్మ, నేను. చివరి కుర్చీలో చేతికి సిమెంటు కట్టుతో జిప్పుల బాబాయ్, పక్కన పిన్ని. ల్యాబ్ సంగతి చెప్పాల్సినదాన్ని నేనే కాబట్టి పొద్దున్నే నన్ను పిలిపించేశారు.

చైర్మన్ గారు మొదలుపెట్టారు. “ఇది సాంకేతిక లోపం అని నమోదు చేద్దాం. ఏమంటారు?”

“లోపం కాదండీ” అంది పోస్టమ్మ. “లోపం దానంతటదే వస్తుంది. ఇది మనుషులు చేసిన పని. విడిగా ఉన్నదాన్ని తెచ్చి, తుడిచిపోయే చోట పెట్టారు. నేను వద్దన్నాను. తర్వాత ఊరుకున్నాను. నా పేరూ రాసుకోండి, కానీ లోపం అని మాత్రం రాయొద్దు.”

ఒకేచోట సారు బల్లవైపు చూస్తూ కూర్చున్నాడు. సూపరింటెండెంట్ గారు దగ్గారు. చైర్మన్ గారు ఆ మాట దాటేసి బాబాయ్ వైపు తిరిగి, “మీరు చెప్పండి. ఆ రోజు ఏం జరిగింది?” అన్నారు.

బాబాయ్ ఎడమ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. “ఏముందండీ. పొద్దున్నే రక్తమిచ్చాను, వెళ్ళి పని చేసుకున్నాను. ఫోన్ రాలేదు. బాగానే ఉందనుకున్నాను. ఇవాళ కూడా పొద్దున్నే ఇచ్చే వచ్చాను” అంటూ మోచేతి దగ్గర అంటించిన దూది చూపించాడు. “ఇవాళా ఫోన్ రాలేదు లెండి.”

ట్రేలో కాగితాలు చూడాల్సినదాన్ని నేను, ఇక్కడున్నాను. వాటిని పైకి మోయాల్సిన అటెండర్ ఎక్కడున్నాడా అని చూస్తే, తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కమిటీవారికి టీలు అందించమని పురమాయించారట. ఆ రిపోర్టు అందాల్సిన చోటికి అందేలా చూడాల్సినవాళ్ళందరం, అప్పుడెందుకు అందలేదో చెప్పడానికి ఆ గదిలో కూర్చున్నాం.

పోస్టమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“కూర్చోమ్మా, విచారణ ఇంకా కాలేదు” అన్నారు సూపరింటెండెంట్ గారు.

“మీరు చేసుకోండి” అని బయటికి నడిచింది. వెనకే నేను. మా వెనక ఇంకెవరివో అడుగులు వినిపించి తిరిగి చూస్తే ఒకేచోట సారు. సర్వర్ గది, మా ల్యాబ్ కింది అంతస్తులో ఎదురెదురుగా ఉంటాయి. ఆయన తలుపుకున్న టేపు పట్టుకుని బరబరా చింపేశాడు, తాళం తీశాడు. ఆమె లోపలికి వెళ్ళింది. నేను ల్యాబ్‌లోకి పరుగెత్తాను.

ట్రేలో కాగితాలు దొంతరగా పడి ఉన్నాయి. బాబాయ్‌ది మధ్యలో ఎక్కడో ఉంది. అంకె చూశాను. ఆయన పడిపోయిన రోజు కన్నా ఎక్కువ ఉంది.

కాగితం పట్టుకుని తలుపు దాకా వచ్చానో లేదో, ఎదురు గదిలోంచి కేక వినబడింది. “వదినా! మళ్ళీ పంపించండి!” వెనక్కి వెళ్ళి యంత్రం మీద మీట నొక్కాను. పచ్చదీపం వెలిగింది. ఆ దీపాన్ని నేనింక నమ్మదలచుకోలేదు. కాగితం పట్టుకునే మెట్లెక్కాను. నా మోకాళ్ళ సంగతి మీకు తెలియదు గానీ, ఆ రోజు అవి కూడా అడ్డం చెప్పలేదు.

నేను మూడో అంతస్తుకు చేరేసరికి వార్డులో గంట మోగి, వెంటనే బాబాయ్ జేబులో ఫోన్ మోగి ఆగిందట. ఆయన మీటింగు గదిలోనే ఉన్నాడని తెలిసి నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చేసింది. బాబాయ్‌ని అందులో కూర్చోబెట్టి వరండాలో పరుగు పెట్టిస్తోంది. పిన్ని ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరుగెడుతోంది. నా పక్కనుంచి వెళ్తూ బాబాయ్ చెయ్యెత్తాడు. ముఖం పాలిపోయి ఉంది, మనిషికి స్పృహ ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

గదిలోకి వెళ్తే కమిటీవాళ్ళు కూర్చున్న కుర్చీల్లోంచి కదల్లేదు. టీకప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా వెనకే పోస్టమ్మ రొప్పుతూ వచ్చి నిలబడింది.

“సర్వర్‌ని మార్చేశారా?” అన్నారు చైర్మన్ గారు. “ముట్టుకోవద్దన్నాం కదా! ఇప్పుడు సాక్ష్యమేదీ?”

పోస్టమ్మ చెయ్యెత్తి వరండా చివర డయాలిసిస్ వార్డు తలుపు చూపించింది.

“ఇప్పుడే మీ ముందు నుంచి చక్రాల కుర్చీలో వెళ్ళిందండీ” అంది. “బతికే ఉంది. వెళ్ళి అడగండి.”